ఐఫోన్‌ని పడగొట్టింది 'జ్ఞా' కాదు

2018 ఫిబ్రవరిలో మన అక్షరం ఒకటి ప్రపంచ వార్తల్లోకెక్కింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కి మెసేజ్‌లో 'జ్ఞా' వస్తే ఆ యాప్ క్రాష్. మళ్లీ తెరిస్తే మళ్లీ క్రాష్. సఫారీ, జీమెయిల్, వాట్సాప్ కూడా అంతే. ఎందుకంటే అక్షరాన్ని తెరమీద గీసే పని ఇవన్నీ కోర్‌టెక్స్ట్ అనే ఒకే ఆపిల్ లైబ్రరీకి అప్పజెప్తాయి.

తప్పంతా తెలుగు అక్షరానిదే అన్నట్టు చాలామంది రాశారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. శ్రీకాళహస్తి అమ్మవారి పేరు కదా, మా విడవలూరు వైపు జ్ఞానప్రసూన అనే పేరు కొత్తేం కాదు. మామూలుగా టైప్ చేస్తే ఆ పేరుకి ఏ ఫోనూ పడిపోదు.

అసలు ఆ మెసేజ్‌లో ఉన్నవి ఐదు కోడ్‌లు: జ, పొల్లు, ఞ, జీరో విడ్త్ నాన్ జాయినర్, దీర్ఘం. నాలుగోది కంటికి కనపడదు. 'ఫేస్‌బుక్' రాసేటప్పుడు స కింద బ ఒత్తు పడకుండా ఆపేది అదే. కానీ ఒత్తు పడిపోయాక, దీర్ఘానికి ముందు దానికి పనేం లేదు. అలా పనిలేని చోట అది ఎదురైతే కోర్‌టెక్స్ట్ తడబడి మెమరీని పాడు చేసుకుంది. బెంగాలీ, దేవనాగరిలో కూడా ఇలాంటి కాంబినేషన్లు కొన్ని దొరికాయి.

ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చింది. సీవీఈ-2018-4124 కింద ఆపిల్ రాసుకున్న కారణం హీప్ కరప్షన్, మందు ఇన్‌పుట్ వాలిడేషన్. మనం ల్యాబ్‌లో ఎగ్గొట్టే స్టెప్పే! నా రికార్డులో ఇప్పటిదాకా టెస్ట్ కేసులన్నీ ఇంగ్లీషు పేర్లే.