ఉబ్బసం ఉంటే ఆ మైగ్రేన్ మాత్ర ఎందుకు వద్దన్నారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉంది. ఆయాసం వస్తే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీలుస్తాను. ఈమధ్య మైగ్రేన్ ఎక్కువైతే ఒక డాక్టరు గారు ప్రొప్రనలాల్ మాత్రలు రాశారు. చీటీ చూసిన మా ఛాతీ డాక్టరు గారు ఒక్కటి కూడా వేసుకోవద్దన్నారు. తలనొప్పి మాత్రకీ ఊపిరితిత్తులకీ సంబంధం ఏమిటి? ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ చేతులు వణుకుతాయి, గుండె దడగా ఉంటుంది. ఎందుకు?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ ఛాతీ డాక్టరు గారి మాటే వినండి. మాత్ర మొదలుపెట్టకపోవడం మంచిదైంది.

శ్వాసనాళాల చుట్టూ ఉండే కండరం బిగుసుకుంటే పిల్లికూతలు, ఆయాసం వస్తాయి. ఆ కండర కణాల పైపొరలో బీటా-2 రిసెప్టర్లు ఉంటాయి. సాల్బుటమాల్ వచ్చి అతుక్కునేది వాటికే. మందు కణం లోపలికి పోనక్కర్లేదు. వీధి గుమ్మంలో బెల్లు నొక్కితే ఇంట్లో మోగినట్టు, కబురు లోపలికి చేరుతుంది. దాన్ని మోసేది జీ-ప్రొటీన్. ఇందులో ఆల్ఫా, బీటా, గామా అని మూడు భాగాలు. పని లేనప్పుడు ఇది జీడీపీ అనే అణువును పట్టుకుని ఉంటుంది. రిసెప్టరుకు మందు తగలగానే జీడీపీని వదిలి జీటీపీ అనే మరో అణువును అందుకుంటుంది. అప్పుడు ఆల్ఫా భాగం విడిపోయి ఒక ఎంజైమును పనిలోకి దింపుతుంది. ఆ ఎంజైము ఏటీపీ అనే అణువు నుంచి సైక్లిక్ ఏఎంపీని తయారుచేస్తుంది. అది పెరిగితే కండరం సడలి గాలి ఆడుతుంది. (ఈ ఏటీపీని 1929లో గుర్తించినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. జీ-ప్రొటీన్ల గుట్టు విప్పిన గిల్మన్, రాడ్‌బెల్‌లకు 1994లో నోబెల్ వచ్చింది.)

కాసేపటికి ఆల్ఫా భాగం జీటీపీని తనే జీడీపీగా మార్చేసి చల్లబడుతుంది. చల్లబడకపోతే ఏమవుతుందో కలరాలో చూస్తాం. కలరా విషం పేగు కణాల్లో సరిగ్గా ఈ భాగాన్నే పట్టి, ఆగకుండా చేస్తుంది. లవణాలు, వాటి వెంట నీళ్లు పేగులోకి ధారగా వచ్చేస్తాయి.

ఇక ప్రొప్రనలాల్. మైగ్రేన్ రాకుండా ఆపడానికి మంచి మందే, ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. కానీ గుండెలోని బీటా-1 రిసెప్టర్లతో పాటు శ్వాసనాళాల్లోని బీటా-2లనూ మూసేస్తుంది. దాంతో ఉబ్బసం రేగవచ్చు. అంతకంటే భయపడాల్సింది, ఆయాసం ముంచుకొచ్చిన వేళ మీ ఇన్‌హేలర్ కూడా సరిగా పనిచేయకపోవడం. మైగ్రేన్‌కు అమిట్రిప్టిలిన్ వంటి వేరే మందులున్నాయి. మీ మిగతా ఆరోగ్యం, గర్భం ఆలోచన ఉందా లేదా చూసి డాక్టరు గారు ఎంచుకుంటారు.

మీకు వచ్చే వణుకు, దడ కూడా ఆ బీటా-2 రిసెప్టర్ల వల్లే. చేతి కండరాల్లోనూ గుండెలోనూ అవి ఉంటాయి, పీల్చిన మందులో కొంత అక్కడికీ చేరుతుంది. కాసేపట్లో తగ్గిపోతే కంగారు అక్కర్లేదు. నాకు కంగారు పుట్టించింది మీ ఉత్తరంలో లేని మాట: నాళాల్లో వాపు తగ్గడానికి రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఊసే లేదు. సాల్బుటమాల్ పదే పదే పీలిస్తే కణాలు తమ రిసెప్టర్లను లోపలికి లాగేసుకుంటాయి, మందు గుణం తగ్గుతుంది. పైగా నాళాల్లోని వాపు అలాగే ఉండిపోతుంది. ఉబ్బసాన్ని సాల్బుటమాల్ ఒక్కదానితో నెట్టుకురావద్దని అంతర్జాతీయ సంస్థ గినా 2019 నుంచీ చెబుతోంది. వారానికి రెండుసార్లకు మించి అవసరపడుతోందంటే వెంటనే ఛాతీ డాక్టరు గారిని కలవండి.

ప్రశ్న: జీ-ప్రొటీన్ తగ్గితే జబ్బులొస్తాయని విన్నాను. ప్రొటీన్ పొడి తాగితే పెరుగుతుందా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పెరగదు. జీ-ప్రొటీన్లను ప్రతి కణమూ తన జన్యువుల ప్రకారం తయారుచేసుకుంటుంది. జన్యులోపం వల్ల ఆల్ఫా భాగం తగ్గే అరుదైన జబ్బు ఉన్నమాట నిజమే. అందులో పారాథైరాయిడ్ హార్మోను ఉన్నా శరీరం దాని మాట వినదు, రక్తంలో కాల్షియం పడిపోతుంది. దానికి వాడేది కాల్షియం, విటమిన్-డి, పొడులు కావు.

ఉబ్బసం ఉన్న పాఠకులందరికీ ఒక మనవి. గ్లాకోమాకు వేసే టిమోలాల్ కంటి చుక్కలూ ప్రొప్రనలాల్ జాతివే. చుక్కే కదా అనుకోవద్దు, అది రక్తంలోకి చేరి ఆయాసం తెప్పించగలదు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా సరే, ముందు మీకు ఉబ్బసం ఉందని చెప్పండి.