నెల తప్పిన పిల్ల ముందున్న దారులు

చి॥ మేనకోడలికి,

పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల మధ్య ఆడపిల్లల్లో అప్పటికే తల్లులైనవారు, కడుపుతో ఉన్నవారు కలిపి దేశంలో 6.8 శాతమని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. తెలంగాణలో అది 5.8 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం, అంటే దేశపు సగటుకు దాదాపు రెట్టింపు. వీరిలో చాలామంది పెళ్లయిన పిల్లలే. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం ఉన్నారని అదే సర్వే చెబుతోంది. పెళ్లికాని పిల్ల నెల తప్పిన సంగతి గడప ముందు నిలబడి ప్రశ్నలు అడిగే సర్వే మనిషికి ఏ ఇంట్లోనూ చెప్పరు. అందుకే ఆ లెక్క ఈ అంకెల్లో సరిగ్గా దొరకదు.

మెడలో తాళి ఉంటే పదిహేడేళ్ల పిల్ల కడుపుతో ఉండటం శుభవార్త, లేకపోతే ఇంటి పరువు పోయినట్టు. ఒంటికి ఆ తేడా తెలియదు. రక్తహీనత, గుర్రపువాతం, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ వంటి ముప్పులు ఇరవై దాటిన తల్లికంటే ఈ వయసు తల్లికి ఎక్కువ. తాళి వాటిలో ఒక్కదాన్నీ ఆపలేదు.

ఈ వ్యవహారంలో అన్నిటికంటే ముందు తెలియాల్సింది వారాల లెక్క. గర్భాన్ని డాక్టర్లు కలయిక జరిగిన రోజు నుంచి లెక్కపెట్టరు, చివరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెడతారు. నెలసరి ఒకసారి తప్పిందని గమనించేనాటికే నాలుగు వారాలు దాటిపోతాయన్నమాట. ఈ వయసులో నెలసరి వెనకా ముందూ కావడం మామూలు కనుక రెండో నెల తప్పేదాకా చాలామందికి అనుమానమే రాదు. ఆ తర్వాత భయం మొదలవుతుంది. హాస్టల్లో ఉంటే వార్డెన్ భయం, ఇంట్లో ఉంటే నాన్న భయం, పరీక్షలు దగ్గరపడితే అదొక సాకు. అలా మరో ఎనిమిది వారాలు ఇట్టే గడిచిపోతాయి. మెడికల్ షాపులో తక్కువ ధరకే దొరికే మూత్ర పరీక్ష కిట్ నెలసరి తప్పిన కొద్ది రోజుల్లోనే ఫలితం చూపిస్తుంది. కొనడానికి వెళ్లే ధైర్యం కావాలి, అంతే. కలయిక జరిగిన 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర గర్భం రాకుండా ఆపడానికే పనికొస్తుంది. వచ్చిన గర్భాన్ని అది తీసేయదు.

గర్భస్రావానికి 1971 నుంచి చట్టం ఉంది, 2021లో దాన్ని సవరించారు. ఇరవై వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, ఈ గడువు కొన్ని వర్గాల వారికే వర్తిస్తుంది. పద్దెనిమిది నిండని పిల్లలు ఆ వర్గాల్లో ఉన్నారు. ఇరవై నాలుగు దాటితే శిశువులో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చినప్పుడో, తల్లి ప్రాణం కాపాడాల్సి వచ్చినప్పుడో తప్ప ఆసుపత్రి చేతిలో ఏమీ ఉండదు. హైకోర్టు గుమ్మం ఎక్కాలి, అక్కడా ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు. మాత్రలతో గర్భం తీసేసే పద్ధతి తొమ్మిది వారాల లోపే, అదీ డాక్టరు చూపులో. అవే మాత్రలు షాపులో దొంగచాటుగా కొని వేసుకుంటే గర్భం సగమే పోయి రక్తస్రావం ఆగకపోవచ్చు. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉంటే ఆ మాత్రలు దాన్ని తీసేయలేవు, ట్యూబు పగిలితే ప్రాణానికే ముప్పు. స్కానింగ్ చేస్తే గాని అది తెలియదు.

పెళ్లికాని పిల్ల కదా అని ఏ ప్రభుత్వ ఆసుపత్రీ వెనక్కి పంపడానికి వీల్లేదు. గర్భస్రావం విషయంలో పెళ్లయినవారికీ కానివారికీ తేడా చూపకూడదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పద్దెనిమిది నిండని పిల్ల విషయంలో సంరక్షకుల సంతకం తప్పనిసరి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. సంరక్షకులంటే అమ్మానాన్నలే అని ఆ చట్టంలో లేదు, ఆ పిల్ల బాగోగులు చూస్తున్న మనిషి అనే ఉంది. తండ్రికి చెప్పలేని పిల్ల అమ్మమ్మకో, పిన్నికో చెప్పగలిగితే దారి తెరుచుకోవచ్చు. పెద్దల మాట ఒకటి, పిల్ల మనసు మరొకటి అయినప్పుడు పిల్ల అభిప్రాయానికి విలువ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. బిడ్డను కనాలనుకునే పిల్లను బలవంతంగా బల్ల ఎక్కించడమూ తప్పే.

ఇక పోలీసుల సంగతి. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్ల ‘సరే’ అన్నా అది సమ్మతి కిందికి రాదు. అంతకుముందు ఈ వయసు పదహారుగా ఉండేది. నేరం జరిగినట్టు తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, డాక్టరూ అందులో భాగమే. ఈ భయంతోనే ఎందరో పిల్లలు ఆసుపత్రి వదిలి డిగ్రీ లేని ఆర్‌ఎంపీ దగ్గరకు వెళుతున్నారు. ఆ చిక్కు తీర్చడానికే 2022 తీర్పులో కోర్టు ఒక వెసులుబాటు ఇచ్చింది. పిల్ల, ఆమె సంరక్షకులు కోరితే, డాక్టరు పోలీసులకు సమాచారం ఇస్తూనే ఆమె పేరూ గుర్తింపూ చెప్పకుండా ఉండవచ్చు. ఇది తెలియని డాక్టర్లు ఉన్నారు, తెలిసినా కేసుల భయంతో వెనకాడేవారూ ఉన్నారు. అడిగే పెద్దమనిషి వెంట ఉంటే ఆ భయం కొంత తగ్గుతుంది.

ప్రేమ పేరుతో వచ్చినవన్నీ ప్రేమలూ కావు. పాఠం చెప్పే మనిషి, బంధువు, పదేళ్లు పెద్దవాడు, ఫొటోలు చూపించి బెదిరించేవాడు ఈ కోవలోకి వస్తారు. అలాంటి చోట కేసు పెట్టడమే న్యాయం, సందేహించాల్సిన పని లేదు.

చిక్కంతా ఇద్దరూ ఇంటర్ చదివే పిల్లలైనప్పుడు వస్తుంది. పోక్సోలో ఈ నేరానికి కనీస శిక్ష పదేళ్లు, గర్భం వచ్చిందంటే అది తీవ్రమైన నేరంగా మారి కనీస శిక్ష ఇరవై ఏళ్లవుతుంది. అబ్బాయికి పద్దెనిమిది నిండకపోతే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళతాడు. నిండితే సరాసరి జైలే. పందొమ్మిదేళ్ల కుర్రాడు జైలుకు వెళ్లడానికి పెద్దవాడు, పెళ్లి చేసుకోవడానికి మాత్రం ఇరవై ఒకటి నిండని చిన్నవాడు. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ కోర్టుల 2016-20 తీర్పులు 7,064 పరిశీలించిన బెంగళూరు సంస్థ ఎన్‌ఫోల్డ్, వాటిలో 24.3 శాతం ప్రేమ వ్యవహారాలేనని లెక్కతేల్చింది. ఆ ప్రేమ కేసుల్లో అత్యధికం నిర్దోషులుగా విడుదల కావడంతో ముగిశాయి. అప్పటికి కుర్రాడి చదువూ పోయింది, అమ్మాయి పేరూ ఊరంతా నానింది. సమ్మతి వయసు తగ్గించాలన్న వాదనను లా కమిషన్ 2023లో తోసిపుచ్చింది. పదహారు, పద్దెనిమిదేళ్ల మధ్య కేసుల్లో శిక్ష విషయంలో జడ్జీలకు విచక్షణ ఇస్తే చాలంది. చట్టం ఇంకా మారలేదు.

ఏది కేసు అవుతుంది, ఏది కాదు అన్న దగ్గరే అంతస్తు తేడా అసలు పని చేస్తుంది. మన సినిమాల్లో పేద కుర్రాడు గొప్పింటి పిల్లను ప్రేమిస్తాడు. ఇంటర్ పిల్లల గర్భం మీద 2000లో తేజ తీసిన ‘చిత్రం’ మాత్రం చదువుకుంటూనే బిడ్డను సాకవచ్చన్నట్టు నవ్విస్తూ నడిచింది. ఊళ్లలో జరిగేది వేరు. అబ్బాయి కలిగినవాడు, అమ్మాయి కూలి ఇంటి పిల్ల అయితే వ్యవహారం స్టేషన్ దాకా పోకుండా పెద్దమనుషుల పంచాయితీలో ‘రాజీ’ అవుతుంది. ఇంత డబ్బు అని మాట్లాడుకుంటారు, కాగితం మీద సంతకాలు తీసుకుంటారు. పోక్సో కేసులో ఆ కాగితానికి విలువ లేదు, బాధితుల కుటుంబంతో రాజీ కుదిరిందన్న కారణంతో ఇలాంటి కేసు కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో స్పష్టం చేసింది. అమ్మాయి ఎస్సీ, ఎస్టీ అయి, అబ్బాయి ఆ వర్గాలవాడు కాకపోతే ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కూడా వచ్చి చేరుతుంది. అమ్మాయి కలిగినింటిదై అబ్బాయి లేనివాడైతే పంచాయితీ ఉండదు. కేసు పెడతారు, కొన్నిచోట్ల అంతకంటే ఘోరం జరుగుతుంది.

కలిగినింట్లో ఈ సంగతి కారులో బయలుదేరి వేరే ఊరి నర్సింగ్ హోమ్‌లో ముగిసిపోతుంది. లేనింట్లో ఆర్‌ఎంపీ దగ్గర మొదలై, రక్తం పోయాక జిల్లా ఆసుపత్రిలో తేలుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భస్రావం ఉచితమన్న మాట, ఎవరికి ఎక్కువ అవసరమో వారి చెవిదాకా చేరడం లేదు.

‘తాళి కట్టించేద్దాం’ అన్నది రెండు ఇళ్లలోనూ వినబడే మాట. బాల్యవివాహ నిషేధ చట్టం 2006 ప్రకారం అలాంటి పెళ్లి జరిపించినవారికి రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా పడవచ్చు. పెళ్లి చేసినంత మాత్రాన పాత నేరం మాసిపోదు. పద్దెనిమిది నిండని భార్యతో కలయిక కూడా అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబర్‌లో తేల్చింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ అదే ఉంది.

పెద్దయ్యాక చేసుకునే పెళ్లికి కూడా ఊరి రక్షణ లేదని మిర్యాలగూడ చూపించింది. బడిలో మొదలైన పరిచయం, ఇద్దరూ మేజర్లయ్యాక పెళ్లి. 2018 సెప్టెంబర్ 14న ఆసుపత్రి బయట, గర్భవతిగా ఉన్న భార్య కళ్లముందే దళిత యువకుణ్ని నరికి చంపారు. అమ్మాయి తండ్రే కిరాయి హంతకులను పెట్టాడని పోలీసులు తేల్చారు. నల్లగొండ కోర్టు 2025 మార్చి 10న ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అక్కడ అడ్డొచ్చింది కులం. మన నేల మీద అంతస్తు అనే మాటలో డబ్బు సగమైతే కులం సగం. ఆ హత్యకు దాదాపు ఆరు నెలల ముందే, మార్చి 27న, కులాంతర జంటల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం ఉండాలని సుప్రీంకోర్టు ఆదేశించింది, రక్షణ గృహాలు పెట్టే సంగతి పరిశీలించమంది. బెదిరింపులు ఉన్న జంట ముందుగా జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు దగ్గర ఉంచుకోవాలి.

బిడ్డ పుట్టడమే జరిగితే చెప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తండ్రి పేరు లేకుండానే జనన ధ్రువపత్రం ఇవ్వాలని, పెళ్లికాని తల్లి ఒక్కతే సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకూ తండ్రి నుంచి మనోవర్తి వస్తుంది. పెంచలేని పరిస్థితి అయితే బిడ్డను చెత్తకుప్ప పాలు చేయడం నేరం, బాలల సంక్షేమ సమితికి అప్పగించడం నేరం కాదు. అప్పగించాక మనసు మార్చుకోవడానికి అరవై రోజుల గడువు ఉంటుంది. చదువు విషయంలో, కాలేజీ మానేసిన పిల్లకు రెండు రాష్ట్రాల్లోనూ సార్వత్రిక విద్య ద్వారా పది, ఇంటర్ రాసే వీలుంది.

పద్దెనిమిది నిండిన అమ్మాయికి లెక్కలు మారిపోతాయి. సంతకం ఆమెదే, ఇంట్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఇష్టపూర్వకమైన సంబంధమైతే పోలీసులకు చెప్పాల్సిన పనీ లేదు. ఎవరైనా అడిగితే చట్టం చూపించమనాలి.

నీ హాస్టల్లో ఏ పిల్లైనా నెల తప్పిందని చెబితే ఎవరు, ఎప్పుడు, ఎలా అని ఆరా తీయకుండా ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లు. వెంట రావడానికి పెద్దలు లేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గాని, మహిళల హెల్ప్‌లైన్ 181కి గాని ఫోన్ చెయ్యి. జిల్లా సఖి కేంద్రంలో కౌన్సెలర్ దొరుకుతారు. ఈ కాగితం నీ గదిలో మిగతా పిల్లలకూ చదివి వినిపించు.

ఇట్లు,
నీ మేనమామ