మందారం ఈనెలు ఎక్కడికి పోయాయి?

ఒక ఎర్ర మందార పువ్వును దగ్గరగా పట్టుకుని చూడండి. రేకు మొదట్లో ముదురు ఎరుపు ఉంటుంది. అక్కడినుంచి సన్నని ఈనెలు విసనకర్ర మడతల్లాగా అంచుదాకా పరచుకుని ఉంటాయి. చిన్న చిన్న ముడతలు, వాటి నీడలు కూడా కనిపిస్తాయి. ఇప్పుడు అదే పువ్వును మిట్టమధ్యాహ్నపు ఎండలో సెల్‌ఫోనుతో ఫోటో తీయండి. చాలాసార్లు ఆ ఫోటోలో ఈనెలూ ఉండవు, ముడతలూ ఉండవు. ఎర్రరంగు పులిమిన కాగితం ముక్కలాంటిది మాత్రం ఉంటుంది.

"దానికేం, కంప్యూటర్లో సరిదిద్దుకోవచ్చు" అని మీరు అనవచ్చు. ఫోటోలను దిద్దే సాఫ్ట్‌వేర్‌లు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. 1996లో తొలిసారి విడుదలైన జింప్ వంటివి ఉచితంగానే దొరుకుతాయి. అయితే అవి దేనిని సరిదిద్దగలవు? దేనిని సరిదిద్దలేవు? ఇది తెలియాలంటే కెమెరా ఏం చేస్తుందో ముందు తెలుసుకోవాలి.

కాంతి అంకెలుగా మారే తీరు

కెమెరా కటకం వెనుక సెన్సర్ అనే చిన్న పలక ఉంటుంది. దానిమీద లక్షలకొద్దీ సూక్ష్మమైన గడులు ఉంటాయి. ప్రతి గడీ తనమీద పడిన కాంతి ఎంతో కొలుస్తుంది. కాని ఆ కాంతి ఏ రంగుదో దానికి తెలియదు. అందుకని గడులమీద రంగుల వడపోత పొరలు అమరుస్తారు. వాటిలో సగం ఆకుపచ్చవి, పావువంతు ఎర్రవి, పావువంతు నీలివి. కోడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంటు లభించింది. నేటి కెమెరాలలో ఎక్కువ భాగం ఈ పద్ధతినో, దీని రూపాంతరాన్నో వాడుతున్నాయి.

చివరకు ఫోటోలోని ప్రతి చుక్కకూ మూడు అంకెలు వస్తాయి. ఈ చుక్కనే పిక్సెల్ అంటారు. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని చెప్పేవే ఈ అంకెలు. మామూలు ఫోటోలలో ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉంటుంది. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. 256ను 256తో, మళ్ళీ 256తో గుణించి చూడండి. 1,67,77,216 వస్తుంది. అన్ని రంగులను ఈ మూడు అంకెలతోనే రాయవచ్చునన్నమాట!

నిండిన చెంబు

వానలో రెండు చెంబులు పెట్టారనుకోండి. ఒకదానిలో చెంబున్నర నీళ్ళు పడ్డాయి, రెండవదానిలో రెండు చెంబుల నీళ్ళు పడ్డాయి. వాన వెలిశాక చూస్తే రెండింటిలోనూ ఒక్కొక్క చెంబు నీళ్ళే ఉంటాయి. దేనిలో ఎక్కువ పడిందో చెప్పగలరా? చెప్పలేరు. పొర్లిపోయిన నీళ్ళతోపాటు ఆ తేడా కూడా పోయింది.

మందారానికి జరిగింది ఇదే. ఆ రేకు ఎర్రని కాంతిని బాగా వెనక్కు పంపుతుంది. ఆకుపచ్చ, నీలం కాంతులను చాలావరకు పీల్చుకుంటుంది. కెమెరా సాధారణంగా మొత్తం దృశ్యపు వెలుగును చూసి ఎంత కాంతి తీసుకోవాలో నిర్ణయిస్తుంది. చుట్టూ ముదురు ఆకులుంటే "వెలుగు చాలదు" అని మరికొంత కాంతిని తీసుకుంటుంది. దానితో ఎర్ర అంకె నిండి పొర్లిపోతుంది.

రేకుకు 290, ఈనెకు 270 రావలసి ఉందనుకుందాం. 255కు మించి రాయడానికి చోటు లేదు కనుక రెండింటికీ 255 అనే రాస్తుంది. తరువాత మీరు సాఫ్ట్‌వేర్‌లో వెలుగును తగ్గించి, ప్రతి అంకెనూ 0.8తో గుణించారనుకోండి. రెండూ 204 అవుతాయి. ఎరుపు ముదురుతుంది గాని ఈనె తిరిగి రాదు. కృత్రిమ మేధతో పనిచేసే కొత్త సాఫ్ట్‌వేర్‌లు అక్కడ ఈనెలను గీసిపెట్టగలవు. కాని అవి ఊహించి గీసినవి, మీరు చూసిన పువ్వువి కావు.

ఫోటో కొంచెం చీకటిగా వస్తే? రేకు 44, ఈనె 40 అనుకోండి. 4తో గుణిస్తే 176, 160 అవుతాయి. తేడా దాగి ఉంది గాని పోలేదు. అయితే చీకటిలో ఉన్న గరుకు చుక్కలు కూడా నాలుగింతలవుతాయి. కనుక మరీ చీకటి కూడా పనికిరాదు. ఎర్ర పువ్వును తీసేటప్పుడు నీడపట్టున గాని, ఉదయపు ఎండలో గాని తీయండి. ఫోను తెరమీద పువ్వును తాకి, వెలుగును కొద్దిగా తగ్గించండి.

కాగితం చెప్పే సాక్ష్యం

దిద్దడానికి వీలున్న లోపమూ ఒకటి ఉంది. రాధామనోహరం తీగను చూశారు గదా! దాని పువ్వు సాయంకాలం తెల్లగా విచ్చుకుంటుంది. మర్నాడు గులాబిరంగుకు, ఆ తరువాత ఎరుపుకు మారుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపించడం ఇందువల్లనే. రంగును బట్టి పువ్వు వయస్సు చెప్పవచ్చు.

సంధ్యవేళ ఎండలో నీలం తక్కువ. అప్పుడు తీసిన ఫోటోలో తెల్ల పువ్వు కూడా ఎర్రబారి కనిపించవచ్చు. ఆ రంగు పువ్వుదా, ఎండదా? గుత్తి పక్కన, అదే వెలుగులో, ఒక తెల్ల కాగితం ముక్క ఉంచి ఫోటో తీయండి. కాగితానికి ఎరుపు 240, ఆకుపచ్చ 204, నీలం 160 వచ్చాయనుకుందాం. తెల్ల కాగితానికి మూడూ సమానంగా ఉండాలి. కనుక ఎరుపును 0.85తో, నీలాన్ని 1.275తో గుణిస్తే మూడూ 204 అవుతాయి.

ఇప్పుడు రెండు పువ్వులను పరీక్షిద్దాం. ఒకదాని అంకెలు 225, 190, 150. అదే లెక్క చేస్తే సుమారు 191, 190, 191 అవుతాయి. అంటే అది తెల్ల పువ్వే, ఈ సాయంత్రమే విచ్చుకుంది. రెండవదాని అంకెలు 220, 140, 130. అవి 187, 140, 166 అవుతాయి. అది నిజంగా గులాబిరంగుదే, నిన్నటిది. కాగితం లేకుండా, కంటికి ఇంపుగా ఉందని ఎరుపును పెంచి ఉంటే, పువ్వు వయస్సు చెప్పే సాక్ష్యాన్ని మన చేతులతో మనమే చెరిపేసేవాళ్ళం.

చేసి చూడండి

1. ఒక పువ్వును తెల్ల కాగితంతో సహా మూడుసార్లు ఫోటో తీయండి: మామూలు వెలుగుతో, కొంచెం తగ్గించి, కొంచెం పెంచి. అసలు ఫోటోలను అలాగే భద్రపరచి, నకళ్ళమీద మాత్రమే పనిచేయండి.

2. జింప్‌లో లెవల్స్ తెరచి, ఎరుపును ఎంచుకోండి. ఏ అంకె ఎన్ని చుక్కలకు ఉందో చూపే పటం కనిపిస్తుంది. కుడి అంచున గోడకు చేరబడినట్లు గుట్ట ఉంటే ఎరుపు పొర్లిపోయినట్లే. అది దిద్దడానికి పనికిరాదు. మరొక ఫోటో తీసుకోండి.

3. అక్కడే ఉన్న బూడిదరంగు బిందువు గుర్తును ఎంచుకుని కాగితంమీద నొక్కండి. పైన మనం చేసిన లెక్కవంటిదాన్ని సాఫ్ట్‌వేర్ క్షణంలో చేసిపెడుతుంది.

4. రంగుల గాఢతను కొద్దిగానే పెంచండి. ఎక్కువ పెంచితే నిండని చెంబు మళ్ళీ నిండుతుంది.

5. పదును పెంచడం చివర చేయండి. అది అంచుకు ఒకవైపు చీకటిని, మరొకవైపు వెలుగును పెంచుతుంది, అంతే. రేకుల చుట్టూ తెల్లని గీత కనిపిస్తే ఎక్కువైనట్లు.

పని ముగిశాక పువ్వును, ఫోటోను పక్కపక్కన పెట్టి ఈనెలు లెక్కపెట్టండి. రెండు లెక్కలూ సరిపోయాయా? సరిపోకపోతే తప్పు ఎక్కడ జరిగింది, కెమెరాలోనా, దిద్దడంలోనా? మీ మూడు ఫోటోల పటాలను చూసి మీరే తేల్చండి.