తాండూరు రోడ్డుకు టర్బో బండి

తాండూరు

బిడ్డా స్రవంతీ,

స్లావియా, వర్టస్, వెర్నా టర్బో, సిటీ అని నాలుగు పేర్లు రాసి, ఏది తీసుకోమంటావు మామా అని అడిగావు. నాలుగూ మంచి బండ్లే. నువ్వు పెట్టిన మెసేజ్‌లో పవర్ ఎంత, సన్‌రూఫ్ ఉందా, స్క్రీన్ ఎంత పెద్దది అన్నీ ఉన్నాయి. ఆ బండి ఏ రోడ్డు మీద తిరగబోతోందో మాత్రం లేదు. నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను.

వారమంతా నీకు గచ్చిబౌలి ట్రాఫిక్. శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరితే అప్పా జంక్షన్, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాద్. ఆ తర్వాత అనంతగిరి ఘాట్, కెరెల్లి, తాండూరు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు నాలుగు లైన్లు చేయాల్సిన పని రోడ్డు పక్క మర్రిచెట్లు కొట్టొద్దన్న కేసుతో ఏళ్ల తరబడి ఆగింది. ఆ మర్రిచెట్లంటే నాకూ ప్రాణమే. కానీ ఇరుకు రోడ్డు మీద బస్సులు, టిప్పర్లు, సిమెంటు లారీలు, బండలు మోసే లారీలు ఎదురెదురుగా పోతుంటే ఏమవుతుందో మనం చూశాం. 2025 నవంబర్ 3 పొద్దున మీర్జాగూడ దగ్గర మన తాండూరు డిపో బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టింది. 19 మంది పోయారు. నువ్వు అదే రోడ్డు మీద వారం వారం ఒక్కదానివే వస్తావు, అది కూడా చీకటి పడ్డాక. నా సలహా అంతా ఆ భయంలోంచి పుట్టిందే అనుకో.

టర్బో అంటే ఏమీ మాయ లేదు. సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. దాంతోపాటు తిరిగే రెండో చక్రం బయటి గాలిని ఒత్తిపట్టి ఇంజిన్‌లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువ పడితే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, చిన్న ఇంజిన్‌కు పెద్ద ఇంజిన్ సత్తువ వస్తుంది. అయితే ఆ సత్తువ ఎక్కడ వస్తుందనేది చూడాలి. సిటీలో ఉన్నది టర్బో లేని ఒకటిన్నర లీటరు ఇంజిన్, పవర్ 121 పీఎస్. స్లావియా, వర్టస్‌ల చిన్న ఇంజిన్ ఒక లీటరే, 115 పీఎస్. కాగితం మీద సిటీదే పైచేయి. కానీ సిటీ లాగుడు (టార్క్) 145 ఎన్ఎం, అదీ 4,300 ఆర్‌పీఎం దగ్గర. చిన్న టర్బోది 178 ఎన్ఎం, 1,750 నుంచే అందుతుంది. అంటే లోడు లారీ వెనక మూడో గేర్‌లో ఉన్నప్పుడు, ఇంజిన్‌ను అరిపించకుండానే బండి ముందుకు దూకుతుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను, మనసులో పెట్టుకో. నువ్వు 80లో, ఎదురుగా వచ్చేవాడూ 80లో ఉంటే మీ ఇద్దరి మధ్య దూరం సెకనుకు 44 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. లారీని దాటడానికి పది సెకన్లు పడితే ముందు 440 మీటర్లు ఖాళీ ఉండాలి. ఏడు సెకన్లలో దాటితే 310 చాలు. టర్బో నీకిచ్చేది ఆ మూడు సెకన్లే. వాటిని నీ ప్రాణానికి రక్షణగా ఉంచుకో. బండికి పవర్ ఉంది కదా అని, ఇదివరకు ఆగేచోట కూడా దాటబోతే ఆ మూడు సెకన్లూ అక్కడే అయిపోతాయి. ఇంకోటి, 1,500 లోపు ఆర్‌పీఎంలో టర్బో నిద్రపోతుంటుంది. నాలుగో గేర్‌లో 40లో పోతూ ఒక్కసారిగా తొక్కితే కాసేపు ఏమీ జరగదు, బండి మాత్రం అప్పటికే అవతలి లైన్లో ఉంటుంది. ముందు గేరు దించు, ఇంజిన్ అందుకుందని చూసుకో, తర్వాతే స్టీరింగ్ తిప్పు. రాత్రిపూట బండల లారీల వెనక రేడియంకు తెల్లటి రాతిపొడి పేరుకుని ఏమీ కనబడదు. టెయిల్ ల్యాంపు ఒక్కటే వెలుగుతుంటే దాన్ని మోటార్‌సైకిల్ అనుకోకు.

ఇప్పుడు నీ నాలుగు బండ్ల సంగతి. వెర్నా టర్బోకు 160 పీఎస్, 253 ఎన్ఎం. స్లావియా, వర్టస్‌ల పెద్ద ఇంజిన్‌కు 150, 250. నడిపితే ఎవరికైనా మనసు లాగుతుంది, కాదనను. వెర్నాలో వెనక సీటు జాగా, సామాన్లూ బాగుంటాయి. పై మోడళ్లలో ముందు బండి మరీ దగ్గరపడితే తనే బ్రేకు వేస్తుంది, సిటీలోనూ ఆ ఏర్పాటుంది. కానీ 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు బండ్లను గుద్ది చూసినప్పుడు, స్లావియా, వర్టస్, వెర్నా మూడింటికీ అయిదు స్టార్లు వచ్చినా, వెర్నా బాడీ నిలకడగా లేదని రాశారు. స్లావియా, వర్టస్‌ల బాడీ గట్టిగా నిలబడిందన్నారు. మన రోడ్డుకు నేను సన్‌రూఫ్ కంటే ఆ ఒక్క వాక్యానికే విలువిస్తాను. పైగా స్లావియా, వర్టస్‌ల గ్రౌండ్ క్లియరెన్స్ 179 మిల్లీమీటర్లు, మిగతా రెండింటికీ 165 దగ్గర. అది ఒక వేలు మందం తేడానే. నలుగురు ఎక్కి, డిక్కీలో కందిపప్పు బస్తా వేసుకుని స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఆ వేలే అడుగు తగలకుండా కాపాడుతుంది. స్లావియా, వర్టస్ లోపల ఒకే బండి, రెండూ చాకన్‌లోనే తయారవుతాయి. రూపు, డీలరు, ధర చూసుకుని ఏదైనా తీసుకో.

పెద్ద ఇంజిన్ ఆటోమేటిక్‌లోనూ, వెర్నా టర్బో ఆటోమేటిక్‌లోనూ ఉండేది డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. హైవే మీద దానికి సాటి లేదు. కానీ జామ్‌లో అంగుళం అంగుళం పాకినప్పుడు క్లచ్ వేడెక్కుతుంది. నీకు రోజూ రెండు పూటలా గచ్చిబౌలే కాబట్టి, ఆటోమేటిక్కే కావాలంటే ఒక లీటరు ఇంజిన్‌తో వచ్చే టార్క్ కన్వర్టర్ మేలు. మూడు సిలిండర్ల ఇంజిన్ కదా, సిగ్నల్ దగ్గర సన్నగా అదురు తెలుస్తుంది. నా బండిదీ ఒక లీటరు ఇంజినే, నాకు వారంలో అలవాటైపోయింది.

మైలేజీ గురించి ఎవరి మాటా నమ్మకు. నా ఒక లీటరు బండి, ఘాట్ లేని రోడ్డు మీద నింపాదిగా పోతే పదహారు ఇస్తుంది. నీ ఆఫీసు ట్రాఫిక్‌లో పది, పదకొండు అనుకో. టర్బోకు పెట్రోలు పోసేది బంకువాడు, తాగించేది నీ కాలు. సెకండ్ హ్యాండ్‌లో 2022 బండి దొరికితే, అది ఈ20 పెట్రోలుకు తగ్గట్టు చేసిందో కాదో తయారైన నెల చూసి అడుగు. 2023 ఏప్రిల్ తర్వాతివైతే ఆ బెంగ లేదు.

తాండూరులో బండి పెట్టుకోవడమంటే దుమ్ముతో కాపురం. బండల పాలిషింగ్ యూనిట్ల వీధిలో రాత్రి బండి పెడితే పొద్దున అద్దం మీద వేలితో పేరు రాయొచ్చు. టర్బో గాలిని మరింత గట్టిగా పీలుస్తుంది, అందుకని ఎయిర్ ఫిల్టర్ సర్వీసు దాకా ఆగకుండా మధ్యలో ఒకసారి తీసి చూపించు. ఆయిల్ మాత్రం పుస్తకంలో రాసిన గ్రేడే పోయించు. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగేది సన్నటి ఆయిల్ పొర మీదే. నెలకోసారి డిప్‌స్టిక్ తీసి చూడటం నేర్చుకో, రెండు నిమిషాల పని. అనంతగిరి ఘాట్ ఎక్కి గుడి దగ్గర ఆగావంటే ఇంజిన్ వెంటనే కట్టేయకు, అర నిమిషం ఊరికే తిరగనివ్వు. వానాకాలం కాగ్నా నది పొంగి కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే వెనక్కి తిప్పు. ముందుపోయిన జీపును చూసి దిగొద్దు. సెడాన్ గాలి పీల్చే గొట్టం కింద ఉంటుంది, నీళ్లు లోపలికి పోతే ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే.

ఒక మాట మీ అమ్మ గురించి. ఆమె మోకాళ్ల సంగతి నీకు తెలుసు. నా బండి ఎక్కేటప్పుడు ఒక చేత్తో డోరు, ఒక చేత్తో సీటు పట్టుకుని మెల్లగా కూలబడుతుంది. దిగేటప్పుడు రెండు కాళ్లూ బయట పెట్టాక నా చెయ్యి అందుకుంటుంది. సెడాన్ సీటు కిందకే ఉంటుంది మరి. ఆమెకు ఇబ్బందైతే ఈ ఉత్తరమంతా పక్కన పెట్టు, ఇదే ఒక లీటరు టర్బో కాస్త ఎత్తు బండ్లలోనూ వస్తుంది.

ఈసారి వచ్చినప్పుడు శనివారం నా బండి తాళాలు తీసుకో. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని అనంతగిరి దాకా పోయి రా. మధ్యలో రెండుసార్లు ఆపి, దిగమని, మళ్లీ ఎక్కమని చెప్పు. బుకింగ్ డబ్బులు ఆ తర్వాతే కట్టు.

నీ మామ