కొక్కెపు సూది లిపి: క్రోషియా నమూనాలను చదవడం ఎలా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలో క్రోషియా పని ఎరుగని ఇల్లు అరుదు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో నమాజు టోపీ, దస్తర్‌ఖాన్ అంచు, దుపట్టా జాలరు ఈ సూదితోనే రూపొందుతూ వచ్చాయి. తెలుగు ఇళ్ళలో ఒకనాడు రేడియో మీద, ఆ తర్వాత టెలివిజన్ మీద పరచిన తెల్లని లేసు గుడ్డ కూడా ఈ సూది సృష్టియే. అయినను ఈ విద్య మనకు పుస్తకం ద్వారా రాలేదు. పెద్దల పక్కన కూర్చుని, వారి వేళ్ళ కదలిక చూసి నేర్చుకున్నదే మన చదువు.

మాలో ముగ్గురివి మూడు ఊళ్ళు. ముగ్గురమూ ఈ పనిని చూపుతో నేర్చినవారమే. పుంగనూరులో మాలో ఒకరి నానీ అల్లిన టోపీని చూసి ముచ్చటపడి, “నానీజాన్, ఇందులో మొత్తం ఎన్ని కుట్లు? మాకు చెబితే రాసుకుంటాం” అని అడిగాము. ఆమె నవ్వి, “లెక్క నా వేళ్ళకు తెలుసు బేటీ, నా నోటికి తెలియదు” అన్నారు. ఆ మాట అప్పుడు మాకు చమత్కారంగా తోచింది. మరుసటి ఏడాది ఆమె గతించారు. వేళ్ళకు మాత్రమే తెలిసిన లెక్క వేళ్ళతోనే పోతుందని అప్పుడు గ్రహించాము. నమూనాలను చదవడం, రాయడం నేర్చుకోవాలన్న పట్టుదల మాకు ఆనాడే కలిగింది. మేము నేర్చిన కొద్దిపాటి పాఠాన్ని తోటి విద్యార్థినుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రాతకు లొంగిన పని

‘క్రోషే’ అనేది ఫ్రెంచి మాట. చిన్న కొక్కెం అని దాని అర్థం. ఈ అల్లికకు అచ్చులో సూచనలు 1820ల నాటి డచ్చి పత్రిక ‘పెనెలోపె’లో కనబడుతున్నాయి. 1840ల నుండి ఇంగ్లండులో నమూనా పుస్తకాలు విరివిగా వెలువడ్డాయి. 1845లో ఐర్లండులో మొదలైన మహాక్షామం నాడు ఎన్నో కుటుంబాలకు ఈ లేసు పనియే అన్నం పెట్టింది.

రాతలో దాచిన కళ మన మదనపల్లెకు కొత్తది కాదు. 1919లో రవీంద్రనాథ ఠాకూరు బిసెంటు థియొసాఫికల్ కళాశాలకు వచ్చి ‘జనగణమన’ గీతాన్ని ఆలపించినప్పుడు, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాశారు. ఆ పాటను ఎన్నడూ విననివాడు సైతం ఆ కాగితం చూసి పాడగలడు. పాటకు స్వరలిపి ఎట్టిదో, అల్లికకు నమూనా అట్టిది.

ఇంతకన్న దగ్గరి ఉపమానం మన వాకిట్లోనే ఉన్నది. “11 చుక్కలు, సందు చుక్క, 6 వచ్చే వరకు” అని ముగ్గుల పుస్తకంలో ఒక్క పంక్తి ఉంటే చాలు, చుక్కలన్నీ తప్పు లేకుండా పెట్టగలము. ఆ పంక్తిని చదవగలిగిన వారికి క్రోషియా నమూనా కొరుకుడుపడని విద్య కానేరదు.

మాటలలో రాసిన నమూనా

నమూనాలు రెండు విధాలు. మొదటిది మాటలలో రాసినది. రెండవది గుర్తులతో గీసినది. మాటల నమూనాలో పొడి అక్షరాలే మొదటి ఆటంకం. సి.హెచ్. అంటే చైను. ఎస్.ఎల్. అంటే స్లిప్పు కుట్టు. ఎస్.సి. అంటే సింగిల్ క్రోషే, అనగా పొట్టి కుట్టు. డి.సి. అంటే డబుల్ క్రోషే, అనగా సూదికి దారం ఒకసారి చుట్టి వేసే పొడుగు కుట్టు. టి.ఆర్. అంటే ట్రిబుల్, దారం రెండుసార్లు చుట్టి వేసేది. ఈ అయిదు పేర్లు కంఠస్థమైతే సగం పుస్తకం చేతికి వచ్చినట్లే.

ఉదాహరణకు ఒక పంక్తి చూద్దాము: “22 చైనులు. కొక్కెం నుండి 4వ చైనులో డి.సి. ఆపై ప్రతి చైనులో ఒక డి.సి.” ఇందులో మొత్తం ఎన్ని కుట్లు? వదిలివేసిన 3 చైనులు నిలబడి ఒక డి.సి. ఎత్తుకు సమానమవుతాయి కనుక వాటిని ఒక కుట్టుగా లెక్కించాలి. మిగిలిన 19 చైనులలో 19 కుట్లు. వెరసి 20. కావలసిన కుట్లకు 2 కలిపితే మొదట వేయవలసిన చైనుల సంఖ్య వస్తుంది. ఈ చిన్న సూత్రం తెలియకనే, ఆ 3 చైనులను కుట్టుగా ఎంచక, వరుస వరుసకు ఒక కుట్టు పోగొట్టుకుని, చతురస్రం కావలసిన గుడ్డను త్రికోణంగా ముగించేవారు చాలమంది.

నక్షత్రపు గుర్తు రెండవ ఆటంకం. రెండు నక్షత్రాల నడుమ ఉన్నదంతా మరల మరల చేయవలసిన భాగం. “మరి 5 సార్లు” అని ఉంటే మొదటిసారితో కలిపి 6 సార్లు. “మొత్తం 5 సార్లు” అని ఉంటే అయిదే. ఒక్క మాట తేడాకు ఒక పువ్వు తక్కువగును.

ఒకే పేరు, రెండు కుట్లు

మా మొదటి ప్రయత్నంలో జరిగిన భంగపాటు ఇక్కడ చెప్పక తప్పదు. ఒక పాత ఆంగ్ల పుస్తకం చూసి బల్లపై పరచే గుండ్రని గుడ్డను అల్లబూనుకున్నాము. పుస్తకంలో ఉన్నట్లే ప్రతి వరుసకు 6 కుట్లు పెంచుతూ డి.సి.లు వేశాము. నాలుగైదు వరుసలకే అంచులు పైకి లేచాయి. పళ్ళెం కావలసింది గిన్నె అయింది! రెండు మార్లు విప్పి మరల అల్లాము. మరల గిన్నెయే. దారం చెడ్డదనుకున్నాము, సూది చెడ్డదనుకున్నాము, చివరకు ఒకరి చేయి మీద మరొకరు నేరం మోపుకున్నాము.

దోషం చేతిది కాదు, పేరుది. బ్రిటిషు పుస్తకాలలో ‘డబుల్’ అన్నది అమెరికా పుస్తకాలలోని ‘సింగిల్’. బ్రిటిషువారి ‘ట్రిబుల్’ అమెరికావారి ‘డబుల్’. మేము పొట్టి కుట్టు వేయవలసిన చోట పొడుగు కుట్టు వేశాము. కనుక పుస్తకం తెరవగానే అది ఏ దేశపు వాడుకలో ఉన్నదో మొదట తేల్చుకోవాలి. నమూనాలో ‘సింగిల్ క్రోషే’ అన్న మాట ఉంటే అది సాధారణంగా అమెరికా పద్ధతి. ఈ వ్యాసంలో మేము వాడినది కూడా ఆ పద్ధతియే.

ఈ తప్పు మాకు ఒక గణితసూత్రం నేర్పింది. వృత్తం వ్యాసార్ధం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి ఆరు రెట్లకు పైచిలుకు పెరుగుతుంది. పొట్టి కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం. అందుచేత వరుసకు 6 పెంచితే గుడ్డ చదునుగా ఉండును. డి.సి. ఎత్తు వెడల్పుకు దాదాపు రెట్టింపు. కాబట్టి 12 పెంచాలి. తక్కువైతే గిన్నె, ఎక్కువైతే కుచ్చిళ్ళు. తరగతిలో నేర్చిన ‘పై’ విలువ తన ప్రయోజనాన్ని మాకు దారం మీద చూపినది.

గుర్తుల పటం

పేర్ల తగవుకు పరిష్కారమే గుర్తుల పటం. గుర్తుకు భాష లేదు. జపానులో ఈ గుర్తులు జాతీయ ప్రమాణాలలో స్థానం పొందినవి. ఒక్క జపాను అక్షరం రాని మనము కూడా ఆ దేశపు పుస్తకం చూసి అల్లవచ్చును.

చిన్న కోడిగుడ్డు వంటి సున్న చైను. నల్లని చుక్క స్లిప్పు కుట్టు. కూడిక గుర్తు లేదా ఇంటూ గుర్తు సింగిల్. ఇంగ్లీషు టి అక్షరం హాఫ్ డబుల్. ఆ టి కాడకు అడ్డంగా ఒక చిన్న గీత ఉంటే డబుల్, రెండు ఉంటే ట్రిబుల్. హాఫ్ డబుల్‌ను మినహాయిస్తే, కాడ మీది గీతలెన్నో సూదికి దారం అన్ని చుట్లు అని గుర్తుంచుకుంటే చాలు. కొన్ని కాడల పాదాలు ఒకే చోట కలిసి తలలు విసనకర్రలా విచ్చుకుంటే, అవన్నీ ఒకే కన్నంలో వేయాలి, అది పెంపు. పాదాలు వేరై తలలు ఒకటైతే అది తగ్గింపు.

ఇక పటాన్ని ఏ దిక్కు నుండి చదవాలి? ఇక్కడనే మన కళాశాల విద్యార్థినుల అదృష్టం ఉన్నది. కుడిచేతితో అల్లేవారికి మొదటి వరుస కుడి నుండి ఎడమకు నడుస్తుంది. గుడ్డ తిప్పి వేసే రెండవ వరుస ఎడమ నుండి కుడికి నడుస్తుంది. మూడవది మరల కుడి నుండి. అనగా బేసి వరుసలను ఉర్దూ వలె, సరి వరుసలను తెలుగు వలె చదవాలి! రెండు లిపులూ కంటికి అలవాటైన వారికి ఈ రాకపోకలు సహజంగానే ఉంటాయి. వరుస మొదలయ్యే పక్కనే దాని అంకె వేసి ఉంటుంది. గుండ్రని పటాలు మాత్రం నడిమి నుండి బయలుదేరి గడియారపు ముల్లుకు ఎదురు తిరుగుతాయి. ఎడమచేతివారు ఈ దిశలన్నిటిని తారుమారు చేసుకోవాలి.

గళ్ళ కాగితం మీద గీసిన జాలీ పటం అన్నిటిలోకి సులభం. ఖాళీ గడి అంటే ఒక డి.సి., 2 చైనులు, 2 కుట్లు వదలడం. నింపిన గడి అంటే ఆ 2 చైనుల చోట 2 డి.సి.లు. గళ్ళ సంఖ్యను 3తో గుణించి 1 కలిపితే వరుసలోని మొత్తం కుట్లు వస్తాయి. 10 గళ్ళకు 31. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టు చీరల మగ్గాలు ఎరిగినవారికి గళ్ళ కాగితపు మహిమ వేరుగా చెప్పనక్కరలేదు.

చదువు ఎందుకు?

ఇంత శ్రమ ఎందుకు, చూసి అల్లితే చాలదా అని అడిగేవారు ఉన్నారు. వారికి నరసాపురం చరిత్రే జవాబు. పశ్చిమ గోదావరిలో క్రైస్తవ మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో ప్రవేశించిన ఈ లేసు పని వేలాది స్త్రీలకు జీవనాధారమైంది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే 1982లో మేరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ప్రచురించిన గ్రంథం మరొక ముఖాన్ని చూపింది. ఒకరు పువ్వులు అల్లుతారు, మరొకరు అతుకుపని చేస్తారు. సరుకు విదేశాలకు పోతుంది. అల్లిన స్త్రీని మాత్రం తీరిక వేళ పొద్దుపుచ్చే గృహిణిగానే లోకం లెక్కకట్టింది.

ఒక్క పువ్వు మాత్రమే తెలిసిన చేయి కూలి అడుగుతుంది. నమూనా మొత్తం చదవగల చేయి ధర చెప్పగలదు. ఎన్ని కుట్లో తెలిసినవారికి ఎంత దారమో, ఎన్ని గంటలో, ఎంత వెలయో తెలుస్తుంది.

టోపీ లెక్క

చివరగా మా నానీ టోపీ సంగతి. ఆమె గతించిన తర్వాత ఆ టోపీని తెల్ల కాగితంపై పరచి, గుండుసూదులు గుచ్చి, మూడు ఆదివారాలు లెక్కించాము. నడిమి బిళ్ళ 12 డి.సి.లతో మొదలై వరుసకు 12 పెరుగుతూ 14వ వరుసకు 168 అయినది. అక్కడ పెంపు ఆగి, చుట్టుగోడలో 56 జాలీ గళ్ళు లేచాయి. 56ను 3తో గుణిస్తే 168. చుట్టు తిరిగి కలిసే పని కనుక ఇక్కడ ఆ అదనపు 1 అక్కరలేదు. నోటికి తెలియని ఆ లెక్క ఎంత నిక్కచ్చిగా ఉన్నదో చూసి మాకు నోట మాట రాలేదు.

ఒక్కచోట మాత్రం 9వ వరుసలో 108కి బదులు 107 వచ్చింది. మరల మరల లెక్కించినా అంతే. 10వ వరుసలో సరిగా 120. ఒక కుట్టు తప్పిపోయినట్లు ఆ వేళ్ళు ఎలాగో కనిపెట్టి, తర్వాతి వరుసలో ఒకటి ఎక్కువ పెంచి సరిదిద్దాయి.

మేము గీసిన పటంలో 108 అనే వేశాము. కొత్తగా నేర్చేవారు తడబడరాదు కదా. పటం అంచున మాత్రం సన్నని అక్షరాలతో తెలుగులోను ఉర్దూలోను ఇట్లు రాసి ఉంచాము: “నానీజాన్ టోపీలో ఇక్కడ 107.”