పరమాణు గడియారం చేసిన ఎస్సెన్

వెనకటి రోజుల్లో ఊళ్లల్లో గడియారాలు లేవు. పెద్దవాళ్లు పొద్దును చూసి వేళ చెప్పేవారు. రాత్రయితే చుక్కలను చూసేవారు. శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం చేసింది ఇదే! భూమి తన చుట్టూ తాను తిరగడాన్ని బట్టి రోజు. ఆ రోజును 86,400 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెకను. అంటే లోకానికంతా పెద్ద గడియారం భూమే.

మరి ఆ గడియారం సరిగ్గా నడుస్తోందా? లేదు. సముద్రపు ఆటుపోట్ల వల్ల భూమి తిరిగే వేగం మెల్లమెల్లగా తగ్గుతోంది. మధ్యలో కాస్త పెరుగుతుంది కూడా. ఈ తేడా చాలా చిన్నది. మన పనులకు అడ్డం రాదు. కానీ కొలబద్దే సాగుతూ, ముడుచుకుంటూ ఉంటే దానితో దేన్ని కొలుస్తాం?

ఈ సంగతి పట్టుకున్న మనిషి లూయీ ఎస్సెన్. ఆయన 1908లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టారు. 1929లో లండన్ దగ్గర టెడింగ్టన్‌లో ఉన్న జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరారు. కొలతలను సరిచూసే చోటు అది. అక్కడ ఆయన మొదట పలుగురాయితో గడియారం చేశారు. అవును, మన చేలల్లో కనిపించే తెల్ల పలుగురాయి జాతే! దాని ముక్కకు కరెంటు ఇస్తే సన్నగా అదురుతుంది. ఆ అదురునే కంపనం అంటారు. కంపనాలను లెక్కపెడితే కాలం తెలుస్తుంది. అయితే ఒక రాయి ఇంకో రాయిలా ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ దాని కంపనమూ మారుతుంది.

మారనిది ఏది? పరమాణువు. సీజియం అనే మెత్తని లోహం ఉంది. మన ఎండాకాలపు వేడికే అది కరిగిపోతుంది. దాని పరమాణువులు ఎక్కడున్నా ఒకటే తీరు. ఉయ్యాలను అదను చూసి తోస్తేనే బాగా ఊగుతుంది కదా! అలాగే రేడియో తరంగం కంపనాల లెక్క సరిగ్గా కుదిరినప్పుడే సీజియం పరమాణువు దాన్ని అందుకుంటుంది. ఈ పద్ధతిలో ఎస్సెన్, జాక్ పారీ కలిసి 1955లో గడియారం నడిపించారు. 300 ఏళ్లకు ఒక్క సెకను తేడా వచ్చేంత కచ్చితమైనది అది.

తర్వాతి పని ఇంకా కష్టం. ఒక సెకనులో ఎన్ని కంపనాలు? అమెరికాలో శాస్త్రవేత్తలు చంద్రుణ్ణి ఫోటోలు తీస్తూ కాలం లెక్క కట్టారు. ఇక్కడ ఎస్సెన్ తన గడియారంతో దాన్ని పోల్చి చూశారు. ఏళ్ల తరబడి సాగింది ఈ పని. 1958లో లెక్క తేలింది: 919,26,31,770. గట్టిగా చదవండి. తొమ్మిది వందల పంతొమ్మిది కోట్ల ఇరవై ఆరు లక్షల ముప్పై ఒక్క వేల ఏడు వందల డెబ్బై!

అయినా లోకం వెంటనే ఒప్పుకోలేదు. 1960లో దేశాలు కూర్చుని, భూమి సూర్యుని చుట్టూ తిరిగే సంవత్సరాన్ని బట్టి సెకనును నిర్ణయించాయి. మళ్లీ ఆకాశమే! చివరికి 1967లో ఎస్సెన్ లెక్కే సెకను అయింది. గడియారం చేసిన పన్నెండేళ్లకు! ఎస్సెన్ 1997లో కన్నుమూశారు.

ఇవాళ సెల్‌ఫోన్‌లో దారి చూపించే ఉపగ్రహాల్లో ఉన్నవి పరమాణు గడియారాలే. సెకనులో పది లక్షలో వంతు తప్పితే చాలు, దూరం లెక్క 300 మీటర్లు తప్పుతుంది. మన దేశపు టైమును కూడా ఢిల్లీలో సీజియం గడియారాలే చెబుతున్నాయి. వాటిని చూసుకునే సంస్థ పేరూ జాతీయ భౌతిక ప్రయోగశాలే.