గడువు తేదీలు తప్పినప్పుడు

ఫీజు వాయిదా, హాస్టలు బాకీ, ఇంటి అద్దె మొదలగు వాని గడువులను నేడు పలువురు జమాఖర్చుల సాఫ్ట్‌వేరులో వ్రాసికొని, ఈమెయిలు ప్రోగ్రాములోని క్యాలెండరుకు పంపుకొనుచున్నారు. ఈ రెండింటికి పొత్తు కుదరక గడువు ఒక్కరోజు దాటినను అపరాధ రుసుము తప్పదు. అట్టి లోపమును సవరించు విధమును క్లుప్తముగా వివరింతుము.

ఈ మార్పిడికై ఐక్యాలెండర్ అను ప్రమాణము 1998లో వెలువడి, 2009లో సవరింపబడినది. మొదట ఒకే గడువును పంపి పరీక్షింపవలెను. తేదీ ఒకరోజు వెనుకకు జరిగినచో కాలమండలమును అనుమానింపవలెను. మన గడియారము ప్రపంచ ప్రమాణ కాలము కంటె 5 గంటల 30 నిమిషములు ముందుండును. కనుక 10వ తేదీ ప్రారంభమగు అర్ధరాత్రికి వ్రాసిన గడువు, ప్రమాణ కాలములో 9వ తేదీ సాయంత్రము 6:30 అగును. రెండు ప్రోగ్రాములలోను కాలమండలమును సరిచూచి, గడువును గంటతో నిమిత్తము లేని పూర్తి దినపు అంశముగా నమోదు చేసినచో ఈ చిక్కు తొలగును.

ఒకే గడువు రెండుమార్లు కనిపించుట రెండవ చిక్కు. ప్రతి అంశమునకు ఒక ప్రత్యేక సంకేతముండును. మరల పంపునపుడు అది మారినచో క్యాలెండరు దానిని క్రొత్త గడువుగా భావించును. అట్లయిన పాతవానిని తొలగించి, పిదప ఒక్కసారే పంపవలెను.

ఫైలుగా దిగుమతి చేసికొన్న గడువు, అసలు లెక్క మారినను తనంతట మారకుండుట మూడవది. చందా పద్ధతిన కలిపిన క్యాలెండరు మాత్రము అప్పుడప్పుడు క్రొత్త సమాచారమును తెచ్చుకొనును.

ఏ చిక్కు కలిగినను జమాఖర్చుల లెక్కనే మూలముగా నెంచి అచ్చటనే దిద్దవలెను. రెండు చోట్ల దిద్దినచో ఏది నిజమో తెలియకపోవును. దిద్దుటకు ముందు ఒక నకలు భద్రపరచుట మరువరాదని మా మనవి.